పెద్దాసుపత్రికి దారెటు?

‘కాకినాడ తీసుకెళ్లిపోండి’... గోదావరి జిల్లాల్లో ఈ మాట చెవిన పడితే గుండె జారిపోతుంది. ఆ వెంటనే, అక్కడికి చేరితే చాలన్న ఆశా పుడుతుంది. ఒకప్పుడు పడవల రేవుల్లో మొదలైన ఆ ప్రయాణం ఇప్పుడు ఎంతవరకు వచ్చింది? ఇంకా ఎక్కడ ఆగిపోతోంది?

లంక ఊళ్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే ముందు కబురెళ్లేది ఆర్‌ఎంపీకి. సూది వేస్తాడు, నాలుగు మాత్రలిస్తాడు. తగ్గితే సరే. తగ్గకపోతే మండల కేంద్రంలోని ఆసుపత్రి. అక్కడా లాభం లేదంటే అమలాపురమో, రామచంద్రపురమో. అక్కడి డాక్టరుగారు చీటీ మీద నాలుగు ముక్కలు రాసి ‘కాకినాడ తీసుకెళ్లిపోండి’ అన్నారంటే... ఇంట్లో ఆడవాళ్ల ఏడుపులు మొదలు. మగవాళ్లు ఫోన్లు అందుకుంటారు. డబ్బు ఎవరి దగ్గర దొరుకుతుంది, కారు ఎవరికుంది, వెంట ఎవరెళ్లాలి, పాడిగేదెకి గడ్డి ఎవరు వేస్తారు... అన్నీ పావుగంటలో తేలిపోవాలి.

ఇక్కడ కాకినాడ అంటే ఊరు పేరు అనుకునేరు! రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి అన్నమాట. జనం నోట ఒక్కటే పేరు... పెద్దాసుపత్రి. తుని నుంచి అంతర్వేది దాకా, యానాం నుంచి ఏజెన్సీ కొండల దాకా ప్రాణం మీదకొస్తే అందరూ చూసేది అటువైపే. 2022 ఏప్రిల్ 4న పాత తూర్పు గోదావరి జిల్లాను ముక్కలు చేశారు. జిల్లాలు విడిపోయాయి గానీ ఆసుపత్రికొచ్చే జనం మాత్రం విడిపోలేదు!

రేవు దాటితేనే వైద్యం

ధవళేశ్వరం దాటగానే గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలిపోతుంది. వశిష్ఠలోంచి మళ్లీ వైనతేయ. పాయల మధ్య కోనసీమ, పాయల్లోనే లంకలు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక పొలాలు పచ్చబడ్డాయి, కాలువ గట్లే బాటలయ్యాయి. అయితే అవతలి ఒడ్డుకు వెళ్లాలంటే మాత్రం పడవో, పంటో ఉండాల్సిందే. రోగిని నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురు భుజాన వేసుకుని రేవుకు తీసుకెళ్లేవారు. పడవ అవతలి ఒడ్డున ఉంటే కేకేసి పిలవాలి. రాత్రయితే ఆ కేక వినిపించుకునే వాళ్లూ ఉండరు. పురిటి నొప్పులు పడుతున్న ఇల్లాలికైనా, పాము కరిచిన పాలేరుకైనా తెల్లారేదాకా దేవుడే దిక్కు.

ఇంతకీ రేవు దాటి ఎక్కడికెళ్లాలి? ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఈ ప్రాంతంలో పెద్ద ఆసుపత్రులంటే ఎక్కువగా మిషనరీలవే. అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషన్ వైద్యురాలు డాక్టర్ లిడియా వోర్నర్ రాజమండ్రిలో సేవలందించారు. మగ డాక్టరుకు చూపించుకోవడానికి ఆడవాళ్లు ససేమిరా అనే రోజులవి. ఆడ డాక్టరు ఉందంటే అదే కొండంత అండ.

డాక్టరు చదువు చదవాలన్నా ఊరు దాటాల్సిందే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు వైద్యం చదవడానికి మద్రాసు వెళ్లారు. పేగుల జబ్బుతో అన్నదమ్ములు కన్నుమూయడం ఆయన్ని పరిశోధన వైపు నడిపించింది. తర్వాత అమెరికా వెళ్లిపోయారు. 1940ల్లో అక్కడ లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బోదకాలు జబ్బుకు డీఈసీ మందునూ వెలుగులోకి తెచ్చింది. ఇవాళ గోదావరి జిల్లాల్లో గర్భిణి చేతిలో ఆశా కార్యకర్త పెట్టే ఐరన్ మాత్రలో ఆ ఫోలిక్ ఆమ్లమే ఉంటుంది. బోదకాలు రాకుండా ఇంటింటా మింగించే మాత్రా ఆయన చలవే. ఈ నీటి నేల బిడ్డ ఎన్నడూ తిరిగి రాలేదు గానీ, ఆయన మందు మాత్రం ఇంటికొచ్చింది!

దాతలు వేసిన పునాది

కోస్తాలో తొలి వైద్య కళాశాల 1923లో విశాఖపట్నంలో మొదలైంది. 1946లో గుంటూరుకు ఒకటి వచ్చింది. రెంటికీ నడుమ ఉన్న గోదావరి జిల్లాలకు అప్పటికి ఏమీ లేదు. ఆ లోటు తీరింది 1958లో. దాతలు ముందుకొచ్చి ఇచ్చిన విరాళాలతో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల పుట్టింది. ప్రైవేటుగా మొదలైన ఆ సంస్థ తర్వాత ప్రభుత్వం చేతుల్లోకి వెళ్లింది.

కళాశాల వస్తే ఆసుపత్రికి ఏం ఒరుగుతుంది? చాలానే. ఒక్కో విభాగానికి ప్రొఫెసర్లు, వాళ్ల కింద అసిస్టెంట్లు, పీజీ విద్యార్థులు, హౌస్ సర్జన్లు ఉంటారు. అర్ధరాత్రి రెండింటికి ప్రమాద బాధితుడొస్తే చూడటానికి ఎవరో ఒక డాక్టరు మేలుకుని ఉంటారు. ఎముకలు విరిగినవాడికి తలకూ దెబ్బ తగిలిందని అనుమానమొస్తే పక్క విభాగం వాళ్లను పిలిపించొచ్చు. మామూలు ఆసుపత్రికి, బోధనాసుపత్రికి తేడా అదే. ఇక్కడ చదువుకుని అమెరికాలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు తల్లీబిడ్డల విభాగం కొత్త భవనానికి చేయి కలపడం కూడా ఆ కళాశాల వల్లే సాధ్యమైంది.

పొద్దున్నే చీటీ... రాత్రంతా వరండా

పెద్దాసుపత్రి రోజు సూర్యుడి కంటే ముందే మొదలవుతుంది. తొలి బస్సు దిగినవాళ్లు నేరుగా ఓపీ చీటీల వరుసలో చేరతారు. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు, మరచెంబు, దుప్పటి. ఏ విభాగం ఎటో తెలియక తిరిగేవాళ్లు కొందరు. తెలిసిన నర్సమ్మ కనిపిస్తే బాగుండని వెతుక్కునేవాళ్లు ఇంకొందరు. చీటీ దొరికితే సగం గండం గట్టెక్కినట్టే. డాక్టరు చూడాలి, రక్త పరీక్ష రాస్తే ల్యాబుకెళ్లాలి, ఫలితం పట్టుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి రావాలి. ఈలోగా మధ్యాహ్నమవుతుంది. ఊరికెళ్లే బస్సు తప్పిపోతుందేమోనని మరో బెంగ.

మంచం మీదున్న రోగికి వైద్యం ఉచితమే. మంచం పక్కన నేల మీద కూర్చున్న మనిషి సంగతేంటి? కూలి పోతుంది. రెండు పూటలా తిండి, టీ, సబ్బు, చంటిబిడ్డకు పాలు, ఇంటికి వెళ్లొచ్చే ఛార్జీలు... అన్నీ చేతిలోంచే. పదిరోజులు ఉండాల్సొస్తే ఇంట్లో వడ్డీ లెక్క మొదలైనట్టే. అందుకే చాలా కుటుంబాలు జబ్బు కన్నా ముందు దూరాన్ని చూస్తాయి. ‘ఇంకో రెండ్రోజులు చూద్దాం’ అంటూ ఊళ్లోనే ఆగిపోతాయి. ఆ రెండు రోజులే కొన్ని ప్రాణాలకు ఖరీదు కడతాయి.

చింతూరు నుంచి వచ్చేవాళ్లకైతే మారేడుమిల్లి ఘాట్ రోడ్డు దిగి 150 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఏజెన్సీలో రోడ్డులేని గూడేల నుంచి రోగిని డోలీలో మోసుకొచ్చి రోడ్డెక్కించడం మరో ప్రయాణం. కాకినాడలో ఎంత గొప్ప డాక్టరున్నా ఆ దారిలో గడిచిన గంటల్ని వెనక్కి తేలేరు.

కూత వేస్తూ వచ్చిన బండి

దారి కష్టాన్ని తగ్గించినవి రెండు. ఒకటి వంతెన, రెండోది అంబులెన్స్. కోనసీమ వాళ్లు కాకినాడ వెళ్లాలంటే ఒకప్పుడు ఎదురులంక రేవులో పంటు ఎక్కాలి, లేదంటే రావులపాలెం మీదుగా చుట్టు తిరగాలి. 2002లో యానాం-ఎదురులంక వంతెన మొదలయ్యాక ఆ బాధ తప్పింది. దానికి కోనసీమ బిడ్డ, లోక్‌సభ స్పీకరుగా ఉండగా ఆ ఏడాదే హెలికాప్టర్ ప్రమాదంలో కన్నుమూసిన జీఎంసీ బాలయోగి పేరే పెట్టారు.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ తర్వాత రాష్ట్రమంతా విస్తరించింది. అంతకుముందు అంబులెన్స్ అంటే శవాన్ని ఇంటికి తెచ్చే బండి అనుకునే ఊళ్లుండేవి. 108 వచ్చాక అందులో ఆక్సిజన్ ఉంటుందని, ప్రథమ చికిత్స తెలిసిన మనిషి ఉంటాడని, డబ్బు అడగరని జనానికి తెలిసింది. 2020 జులై 1న రాష్ట్రంలో 1,088 కొత్త 108, 104 వాహనాలను ఒకేసారి రోడ్డెక్కించారు.

ఇక ఖర్చు సంగతి. 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, అదే ఏడాది డిసెంబరులో రెండో విడతగా ఉభయ గోదావరి జిల్లాలకు వచ్చింది. గుండె ఆపరేషన్ అనగానే పొలం అమ్మకానికి పెట్టే రోజులవి. తెల్లకార్డు చూపిస్తే కార్పొరేట్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేస్తారంటే మొదట్లో చాలామంది నమ్మలేదు. ప్రభుత్వాలు మారాయి, పేరూ మారింది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. మొదట్లో కుటుంబానికి 2 లక్షల రూపాయలున్న పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షలకు పెంచారు.

ఆ కార్డు ఆసుపత్రుల భూగోళాన్నే మార్చేసింది. రాజమండ్రి దానవాయిపేటలో, ఏలూరు ఆర్‌ఆర్ పేటలో ఏ వీధిలోకెళ్లినా నర్సింగ్ హోం బోర్డులే. ఏలూరులో ఆశ్రమ్, రాజానగరంలో జీఎస్‌ఎల్, అమలాపురంలో కిమ్స్... ప్రైవేటు వైద్య కళాశాలలూ వెలిశాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపులైన్ పేలినప్పుడు కాలిన గాయాలతో ఉన్నవారిని అమలాపురం, కాకినాడ ఆసుపత్రులకు తరలించారు. ఆ మంటల్లో 15 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. చమురు బావులు, గ్యాస్ పైపులు ఉన్న గడ్డ మీద కాలిన గాయాలకు వైద్యం ఎంత దగ్గర్లో ఉండాలో ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది.

ఏలూరు నేర్పిన పాఠం

2020 డిసెంబరు 5... శనివారం. ఏలూరు వన్‌టౌన్‌లో ఉన్నట్టుండి జనం కింద పడిపోవడం మొదలైంది. కళ్లు తిరగడం, నోట నురగ, మూర్ఛ. ఒకరి తర్వాత ఒకరు జిల్లా ఆసుపత్రికి వచ్చారు. వారం తిరిగేలోగా బాధితుల సంఖ్య 600 దాటింది. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే కోలుకున్నారు. పరిస్థితి బాగోలేనివారిని విజయవాడ, గుంటూరు పంపారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో కనిపించింది. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు తేల్చారు.

కొవిడ్‌తో అప్పటికే అలసిపోయిన సిబ్బంది ఆ వారమంతా కంటి మీద కునుకు లేకుండా పనిచేశారు. మంచాలు, సెలైన్లు, అంబులెన్సులు సమకూరాయి. కానీ ‘అసలిది ఏం జబ్బు?’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబు కోసం నమూనాలను హైదరాబాద్, ఢిల్లీ పంపి ఎదురుచూడాల్సి వచ్చింది. పురుగుమందులు ఇంతగా వాడే డెల్టాలో నీటిని, కూరగాయలను, రక్తాన్ని పరీక్షించే ప్రయోగశాల కూడా ఆసుపత్రి లాంటిదేనని ఏలూరు చెప్పింది.

కాకినాడ ఒక్కటే ఎందుకు?

2023 సెప్టెంబరు 15న రాష్ట్రంలో ఒకేరోజు అయిదు కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అందులో రెండు గోదావరి జిల్లాలకే దక్కాయి. రాజమండ్రిలో ఒకటి, ఏలూరులో ఒకటి. ఒక్కోదాంట్లో ఏడాదికి 150 సీట్లు. దాంతో రెండు చోట్లా జిల్లా ఆసుపత్రులు బోధనాసుపత్రులయ్యాయి. 1958లో కాకినాడకు దక్కింది, 65 ఏళ్లకు రాజమండ్రికి, ఏలూరుకు దక్కిందన్నమాట! కొత్త కళాశాల పూర్తిస్థాయికి రావడానికి కాలం పడుతుంది. తొలి బ్యాచ్ హౌస్ సర్జన్లు కావాలి, పీజీలు రావాలి, విభాగాలు నిలదొక్కుకోవాలి. అవన్నీ కుదిరితే గోకవరం రోగి, జంగారెడ్డిగూడెం రోగి అంత దూరం పోవాల్సిన పనుండదు.

అయితే అసలు చిక్కు పెద్దాసుపత్రుల్లో లేదు. ప్రభుత్వ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 30 వేల మందికి, గిరిజన ప్రాంతంలో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. దాని పైన సామాజిక ఆరోగ్య కేంద్రం, ఆ పైన ఏరియా ఆసుపత్రి. రోగి మెట్టు మెట్టూ ఎక్కాలి. మధ్యలో మెట్టు విరిగితే? కాన్పు కష్టమైన తల్లికి ఆపరేషన్ చేయాలంటే గైనకాలజిస్టు ఒక్కరుంటే చాలదు. మత్తు డాక్టరు ఉండాలి, పిల్లల డాక్టరు ఉండాలి, నిల్వ ఉన్న రక్తం దొరకాలి. అదీ పగలూ రాత్రీ. ముగ్గురిలో ఒక్కరు లేకపోయినా మిగతా ఇద్దరూ చేతులు కట్టుకుని ‘పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి’ అనాల్సిందే. అలా కింద ఆగాల్సినవాళ్లంతా పైకి చేరితే పెద్దాసుపత్రిలో మంచానికి ఇద్దరవుతారు. నిజంగా అక్కడే బాగుపడాల్సినవాడికి చోటుండదు.

చిన్నాసుపత్రి చేయగలిగింది చిన్నదేమీ కాదు. కోతల కాలంలో పొలంలో పాము కాటేసిందనుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే రక్తపింజరి జాతి విషమని తేలిపోతుంది. కట్లపాము, నాగుపాము కాట్లకైతే కళ్లు మూతలు పడటం, మింగలేకపోవడం లాంటి గుర్తులుంటాయి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఒకటే. అది అక్కడే మొదలుపెట్టి, ఆ తర్వాత పైకి పంపితే ప్రాణం నిలుస్తుంది. ఏ మందూ వేయకుండా నేరుగా కాకినాడ బయల్దేరితే దారిలోనే పుణ్యకాలం గడిచిపోవచ్చు.

మొదటి గంటలో...

ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాల్సిన నాలుగు సంగతులివి.

పాము కాటు: కాటు పడిన చోట కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విరుగుడు మందున్న దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మంత్రం వేసేవాడి దగ్గర ఆగొద్దు.

గుండె నొప్పి: ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతిలోకి, దవడలోకి పాకే నొప్పి ఉంటే గ్యాస్ అనుకుని సోడా తాగిస్తూ కూర్చోవద్దు. వెంటనే ఈసీజీ తీయించాలి. రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను కిందిస్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఉచితంగా ఇచ్చే ఏర్పాటు రాష్ట్రంలో ఉంది. ఎంత తొందరగా పడితే అంత మేలు.

పక్షవాతం: మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా నాటుమందుకు పరుగెత్తొద్దు. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లాలి. నాలుగున్నర గంటల్లోపు వెళ్తేనే గడ్డను కరిగించే మందు ఇవ్వడానికి వీలవుతుంది. లక్షణాలు ఎన్నింటికి మొదలయ్యాయో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.

కాన్పు: రక్తం తక్కువగా ఉన్నా, బీపీ ఉన్నా, తొలి కాన్పు ఆపరేషన్ అయినా ఏ ఆసుపత్రికి వెళ్లాలో ఏడో నెలలోనే అడిగి తెలుసుకోవాలి. నొప్పులొచ్చాక వెతుక్కోకూడదు.

పెద్దాసుపత్రికి వెళ్లాల్సొస్తే ఆధార్, రేషన్ కార్డు, పాత చీటీలు ఒకే సంచిలో పెట్టుకోండి. వాడుతున్న మందుల అట్టలు కూడా. వైద్యసేవ కింద చికిత్సకు ఏం కావాలో ఆసుపత్రిలోని సహాయ కేంద్రం దగ్గరుండే సిబ్బందిని అడగొచ్చు. మధ్యవర్తులతో పనిలేదు.

వరదొచ్చినా ఆగని వైద్యం

2022 జులైలో గోదావరి ఉగ్రరూపం దాల్చింది. లంకలు నీట మునిగాయి. ఏటా వరద కాలంలో బూరుగులంక లాంటి రేవుల దగ్గర తాత్కాలిక బాట కొట్టుకుపోతుంది. మళ్లీ పడవే గతి. అందుకే వరద హెచ్చరిక రాగానే ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు చేసే మొదటి పని ఒకటుంది. లంకల్లో నెలలు నిండిన గర్భిణులు ఎవరెవరున్నారో జాబితా తీస్తారు. నీళ్లు రాకముందే వాళ్లను ఒడ్డుకు చేర్చి ఆసుపత్రుల్లో ఉంచుతారు. డయాలసిస్ చేయించుకునేవాళ్లనూ అలాగే.

ఆ జాబితాకు పెద్ద భవనం అక్కర్లేదు, స్కానింగ్ యంత్రం అక్కర్లేదు. ఏ ఇంట్లో ఎవరికి ఏ నెలో తెలిసిన ఒక మనిషి, ఆవిడ మాట విని పడవ పంపే ఒక అధికారి ఉంటే చాలు. వరద రోజుల్లో చేస్తున్న ఆ పని ఏడాది పొడవునా చేయగలిగితే, ఊరి దగ్గరి ఆసుపత్రిలో ఆ ముగ్గురు డాక్టర్లూ రాత్రిపూట కూడా ఉండగలిగితే... పెద్దాసుపత్రి గుమ్మంలో రద్దీ తానే తగ్గుతుంది. ‘కాకినాడ తీసుకెళ్లిపోండి’ అన్న మాటకు ఇల్లంతా ఏడవాల్సిన పనీ ఉండదు.